చీటీ లేకుండా తామర గోలీ మింగొద్దు!

హయత్‌నగర్, కుంట్లూరు, మునగనూరు, తట్టిఅన్నారం, పెద్ద అంబర్‌పేట వాసులారా! విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ, ఇబ్రహీంపట్నం వైపు పల్లెల్లో ఉంటున్న అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

నలుగురిలో చెప్పుకోలేని ఒక జబ్బు గురించి నాలుగు మాటలు చెబుదామని ఈ కాగితం మీ చేతిలో పెడుతున్నాం. మడిచి జేబులో పెట్టుకున్నా సరే, ఇంటికి పోయాక ఒక్కసారి పూర్తిగా చదవండి.

తొడల సందున, చంకల కింద, నడుము చుట్టూ గుండ్రంగా ఎర్రగా లేస్తుంది. అంచు ఉబ్బి పొట్టు రాలుతుంది. మధ్యలో చర్మం మానినట్టే ఉంటుంది, చుట్టూ వలయం మాత్రం పెరుగుతూ పోతుంది. రాత్రి పడుకున్నాక దురద నిద్ర పోనివ్వదు. అదే తామర. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దాద్ అంటారు. ఆటోనగర్ షెడ్లలో లారీల కింద పడుకుని పనిచేసే మెకానిక్కులకు, డిపోలోంచి బస్సు తీశాక గంటల తరబడి వేడి సీటు మీద కూర్చునే డ్రైవర్లకు, బాటసింగారం పండ్ల మార్కెట్లో పెట్టెలు మోసే హమాలీలకు, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడే హాస్టల్ పిల్లలకు, పొయ్యి ముందు చెమటతో తడిసే ఇల్లాళ్లకు ఇది కొత్త జబ్బేం కాదు. ఇందులో సిగ్గుపడాల్సిందీ ఏమీ లేదు. ఇది చర్మం మీద పెరిగే ఫంగస్, బూజు జాతి. చెమట, తడి, బిగుతు బట్ట దొరికితే ఎవరి ఒంటి మీదైనా కాపురం పెడుతుంది.

తామర ప్రాణం తీయదు. కానీ దానికోసం ఇష్టమొచ్చినట్టు మింగే గోలీ ప్రాణం మీదికి తేవచ్చు. మా భయమంతా అదే.

"అన్నా, దురద గోలీ ఇయ్యి"

సాయంత్రం ఏడు గంటలప్పుడు ఏ వాడకట్టులోనైనా మందుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఒకాయన వస్తాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, తొడల కాడ దురద. ఏమన్న గోలీ ఇయ్యి" అంటాడు. కౌంటర్ అవతలాయన ఎన్నాళ్ల నుంచని అడగడు. షుగర్ ఉందా, బీపీ గోలీలు వాడుతున్నావా అనీ అడగడు. షీటులోంచి నాలుగు క్యాప్సూళ్లు కత్తెరతో కత్తిరిస్తాడు. పక్కన ఒక ట్యూబు పెడతాడు. "వేడి చేస్తది, ఇది గూడ ఏస్కో" అని ఒక గ్యాస్ గోలీ కలుపుతాడు. అన్నీ చిన్న కాగితం కవర్లో పడతాయి. బిల్లు లేదు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే మిగిలింది, గడువు తేదీ ఇంకో ముక్క మీద ఉండిపోయింది.

అందరు దుకాణదారులూ ఇలాగే ఉన్నారని మేం అనడం లేదు. చీటీ లేకుండా ఇవ్వనని తిప్పి పంపేవాళ్లూ మన మధ్యే ఉన్నారు, వాళ్లకు దండం. కానీ ఆ కాగితం కవరు మనలో చాలామంది ఇళ్లకు చేరిందన్నది నిజం. అందుకే దాన్ని ఇప్పుడు మీ ముందే విప్పుదాం. అందులో ఉన్నవి మూడు.

మొదటిది: ట్యూబు

రాసిన రెండో రోజే దురద మాయం! "ఏం మందన్నా, మంత్రమేసినట్టు పనిచేసింది" అంటాం. ఆ మంత్రం పేరు స్టెరాయిడ్. ఫంగస్‌ను చంపే మందు, బ్యాక్టీరియా మందు, వాటితోపాటు ఘాటైన స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు మన దగ్గర విరివిగా అమ్ముడవుతాయి. స్టెరాయిడ్ దురదను, ఎరుపును అణిచేస్తుంది. ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మం కాపలానూ అణిచేస్తుంది. పైకి చల్లబడినట్టు కనిపిస్తుంది, లోపల బూజు హాయిగా పెరుగుతుంది. ట్యూబు ఆపిన వారానికి రెట్టింపు వెడల్పుతో లేస్తుంది. మళ్లీ రాస్తాం, మళ్లీ లేస్తుంది. నెలల తరబడి రాస్తే తొడల సందున చర్మం పలచబడి, కాన్పు చారల్లాంటి చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. తామర రూపం కూడా ఎంత మారిపోతుందంటే డాక్టర్లే ఒక్కోసారి పోల్చుకోలేరు.

ట్యూబు పెట్టె మీద క్లోబెటసోల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ అనే పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్ అని గుర్తు. దేశంలోని చర్మ వైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. అంటే అడగ్గానే చేతిలో పెట్టడం చట్టానికే విరుద్ధం.

రెండోది: క్యాప్సూల్

తామర ఫంగస్‌కు కడుపులోకి వేసుకునే మందులు నాలుగైదే. ఫ్లూకనజోల్, ఇట్రాకనజోల్, టెర్బినాఫిన్, గ్రిసియోఫుల్విన్ ముఖ్యమైనవి. అన్నీ ఒకేలా పనిచేయవు, అన్నీ ఒకేలా వేసుకోకూడదు. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది ఇట్రాకనజోల్ కాబట్టి దాన్నే కాస్త దగ్గరగా చూద్దాం.

ఈ క్యాప్సూల్ డొల్లలో ఆవగింజలకన్నా సన్నని గుళికలు ఉంటాయి. గుళికకు పైపూతగా మందు పట్టించి ఉంటుంది. ఈ మందు నీళ్లలో దాదాపు కరగదు. కడుపులో అన్నం పడి, పులుసు (యాసిడ్) ఊరినప్పుడే కరిగి రక్తంలోకి ఎక్కుతుంది. అందుకే దీన్ని పరగడుపున వేసుకోకూడదు, కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. డొల్ల విప్పి, గుళికలు నూరి, నీళ్లలో కలిపి తాగకూడదు. చాయ్ మీద వేసుకుని పనికి పోతే మందు చాలావరకు వృథా. జబ్బు తగ్గదు, "ఈ గోలీ పనిచేయదు" అన్న మాట మాత్రం మిగులుతుంది.

ఇందులోనే సూపర్ బయోఅవైలబుల్ అని ఇంకో రకం వచ్చింది. షీటు మీద మిల్లీగ్రాములు తక్కువే ఉంటాయి, ఒంటికి పట్టేది మాత్రం తక్కువ కాదు. కాబట్టి "వంద లేదు, ఇదే తీస్కో, అంతా ఒకటే" అని దుకాణంలో మార్చి ఇస్తే తీసుకోవద్దు. డాక్టరు రాసిందే తీసుకోండి, లేకపోతే ఆయన్నే అడిగి మార్చుకోండి.

మిగతా వాటి సంగతి క్లుప్తంగా: ఫ్లూకనజోల్ తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి. టెర్బినాఫిన్ కొందరికి నాలుక రుచిని పోగొడుతుంది, కాలేయం బాగాలేనివాళ్లకు పనికిరాదు. గ్రిసియోఫుల్విన్ పాలు, నెయ్యి, కొవ్వు ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. కెటోకొనజోల్ అనే పాత గోలీ కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తోందని 2013 జులైలో యూరప్ మందుల సంస్థ దాన్ని నిలిపివేయమంది, అదే నెలలో అమెరికా కట్టడి చేసింది. షాంపూగా, పూతగా అది వేరే సంగతి. తామరకు ఆ పేరు గోలీ ఎవరైనా చేతిలో పెడితే వద్దనండి.

ఇప్పుడు అసలు మాట. నాలుగు క్యాప్సూళ్లతో తామర పోదు. ఒంటి తామరకు వారాల తరబడి మందు కావాలి. గోళ్లకు పట్టిన ఫంగస్‌కైతే టెర్బినాఫిన్ మామూలుగా చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు వాడిస్తారు. దురద మొదటి వారంలోనే తగ్గుతుంది, ఫంగస్ అంత తొందరగా చావదు. దురద తగ్గిందని ఆపేస్తే చచ్చినవి చావగా గట్టిపిండాలు మిగులుతాయి. అవే మళ్లీ పెరుగుతాయి. ఈసారి ఆ మందుకు లొంగకపోవచ్చు.

ఇది బెదిరించడానికి చెప్పే మాట కాదు. టెర్బినాఫిన్‌కు తరచూ లొంగని ఒక తామర ఫంగస్‌కు 2020లో జపాన్ శాస్త్రవేత్తలు కొత్త పేరు పెట్టారు: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఆ పేరులో ఉన్న 'ఇండ్' మన దేశమే. 2023 మేలో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, న్యూయార్క్‌లో ఇద్దరు మహిళలకు ఇదే ఫంగస్ సోకిందని ప్రకటించింది. టెర్బినాఫిన్ పనిచేయక వాళ్లిద్దరికీ మందు మార్చాల్సి వచ్చింది. స్టెరాయిడ్ ట్యూబులు, సగంలో ఆపిన గోలీలు కలిసి ఈ మొండి ఫంగస్‌ను పెంచాయని మన చర్మ వైద్యులు అంటున్నారు. బాస్మతి, మామిడి ప్రపంచానికి పంపామని గొప్పలు చెప్పుకునే మనం ఈ పేరు విని తల దించుకోవాల్సిందే.

మూడోది: గ్యాస్ గోలీ

కవర్లో చిన్నదిదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. ఇట్రాకనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో పులుసు ఉండాలని పైన చెప్పుకున్నాం. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ గోలీలు చేసే పనే ఆ పులుసును ఎండగట్టడం. అంటే ఒక గోలీ పొయ్యి మీద ఎసరు పెడితే, రెండో గోలీ పొయ్యి ఆర్పేస్తోంది. డబ్బు రెండింటికీ ఇస్తున్నాం.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. మన దగ్గర బాగా అమ్ముడుపోయే గ్యాస్ క్యాప్సూళ్లలో పాంటోప్రజోల్‌తోపాటు డామ్‌పెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. ఇట్రాకనజోల్, ఫ్లూకనజోల్ లాంటివి డామ్‌పెరిడోన్‌ను ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. అది రక్తంలో పేరుకుని గుండె కొట్టుకునే లయను చెడగొట్టవచ్చు. ఈ రెండింటినీ కలిపి వేసుకోకూడదు. "వేడి చేయకుండా" అని చేతిలో పెట్టిన గోలీ ఇది!

గ్యాస్ మందు తప్పదనుకుంటే ఏది, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. సీసాలో ఉండే తెల్ల సిరప్ తాగే అలవాటుంటే క్యాప్సూల్‌కూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

ఇంట్లో డబ్బాలో ఏముంది?

కవరు సంగతి అయిపోయింది. ఇక మన ఇంటి అలమరలో ఉన్న మందుల డబ్బా తెరుద్దాం. రోజూ వేసుకునే గోలీలతో ఫంగస్ గోలీలకు పడదు. ఎందుకంటే ఒంట్లోకి పోయిన చాలా మందులను విరిచి బయటికి పంపేది కాలేయం. కొన్ని ఫంగస్ గోలీలు ఆ పనికి అడ్డుపడతాయి. దాంతో పాత గోలీ ఒకటి వేసుకున్నా రెండు మూడు వేసుకున్నంత పనిచేస్తుంది.

షుగర్ గోలీ: గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వాడేవాళ్లు ఫ్లూకనజోల్ వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం దాని గుర్తులు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి అది జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

రక్తం పలచబరిచే గోలీ: గుండె కవాటం మార్చినవాళ్లు, కాలి నరాల్లో గడ్డకట్టినవాళ్లు వార్ఫరిన్ గానీ, ఎసినోకౌమరోల్ గానీ వాడుతుంటారు. ఫ్లూకనజోల్, ఇట్రాకనజోల్ లాంటివి కలిస్తే చిగుళ్లలోంచి, మూత్రంలో, కడుపులో రక్తం పడవచ్చు.

కొలెస్ట్రాల్ గోలీ: సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌తో ఇట్రాకనజోల్ కలిస్తే కండరాలు దెబ్బతినవచ్చు. ఒళ్లంతా నొప్పులు, మూత్రం ముదురు గోధుమ రంగు కనిపిస్తాయి.

గుండె జబ్బు: గుండె బలహీనపడి ఆయాసం, కాళ్ల వాపు వచ్చినవాళ్లకు తామర కోసం ఇట్రాకనజోల్ ఇవ్వకూడదు. అది గుండె కొట్టుకునే బలాన్ని ఇంకా తగ్గిస్తుంది.

టీబీ, ఫిట్స్ మందులు: రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లలో కథ తిరగబడుతుంది. అవి ఇట్రాకనజోల్‌ను పనిచేయనివ్వవు. ఇటు ఫ్లూకనజోల్ కలిస్తే ఫెనిటోయిన్ ఒంట్లో విషంలా పేరుకుంటుంది.

నిద్రమాత్రలు, మానసిక వైద్యం మందులు, ఉబ్బసానికి పీల్చే మందులు వాడుతున్నా చెప్పాల్సిందే.

మందు తాగేవాళ్లకు ఒక మాట. కల్లు అయినా, బీరు అయినా, క్వార్టర్ అయినా కాలేయం మీదే పడుతుంది. ఫంగస్ గోలీ కూడా అక్కడికే పోతుంది. కోర్సు అయ్యేదాకా గ్లాసు ముట్టొద్దు. రోజూ తాగే అలవాటుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆయన తిట్టినా మీ మంచికే. నాటు పసరు ఏదైనా వాడుతుంటే అదీ చెప్పండి.

మన అక్కాచెల్లెళ్లకు

కడుపుతో ఉన్నవాళ్లు, కడుపు కోసం చూస్తున్నవాళ్లు తామరకు గోలీ వేసుకోవద్దు. పూతమందుతోనే నెట్టుకురావాలి, అదీ డాక్టరు చెప్పిందే. ఇట్రాకనజోల్ వాడితే ఆ తర్వాత రెండు నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. గ్రిసియోఫుల్విన్ గర్భనిరోధక గోలీల పనిని తగ్గిస్తుంది. అది వాడిన మగవాళ్లు కూడా ఆరు నెలల పాటు పిల్లల ఆలోచన పెట్టుకోకూడదు. బిడ్డకు పాలిస్తుంటే ఆ మాటా చెప్పండి.

తెల్లబట్ట అవుతుంటే దుకాణంలో ఒక్క ఫ్లూకనజోల్ 150 గోలీ తెచ్చుకుని వేసుకోవడం అలవాటైంది. తెల్లబట్ట అంతా ఫంగస్ వల్లే కాదు. బ్యాక్టీరియా వల్ల కావచ్చు, ఇంకేదో కావచ్చు. వాటికి ఆ గోలీ ఒట్టి దండగ. మాటిమాటికీ వస్తుంటే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.

పిల్లలకు

చిన్నపిల్లల తలలో వెంట్రుకలు గుండ్రంగా ఊడి, పొట్టు రేగితే అది తల తామర కావచ్చు. నూనెలకు, పూతలకు పోదు, కడుపులోకి మందు కావాల్సిందే. కానీ నాన్న క్యాప్సూల్‌లో సగం కొడుక్కి పెట్టకండి. పిల్లల మోతాదు బరువును బట్టి లెక్కగట్టి రాస్తారు.

కరోనా నాటి పాఠం నాలుగు రోజుల్లో మరిచిపోతామా?

2021 వేసవి గుర్తుందా? కరోనా రెండో అల వెనకాలే నల్ల ఫంగస్ వచ్చింది. ముక్కులో మొదలై, కంటికి పాకి, మెదడుదాకా పోయింది. ఎందరికో కన్ను తీసేయాల్సి వచ్చింది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మనవాళ్లు చీటీలు పట్టుకుని ఊరంతా తిరిగారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంటి దగ్గర పోసకొనజోల్ గోలీలు వారాల తరబడి మింగారు. ఖరీదైన గోలీలు. నలపకుండా, తిన్న తర్వాత, ఒక్క పూట తప్పకుండా.

ఆ రోజుల్లో ప్రాణభయంతో గోలీకి ఇచ్చిన మర్యాద ఈ రోజు తామర గోలీకి ఎందుకివ్వం? ఆ నల్ల ఫంగస్‌కు ఫ్లూకనజోల్ పనిచేయదు. ఏ ఫంగస్‌కు ఏ మందో తెలిసినవాళ్లే చెప్పాలని అప్పుడే నేర్చుకున్నాం. ఇంకోటి కూడా గమనించండి. అప్పుడు ఆ ఫంగస్‌కు దారి తీసినవి అదుపులేని షుగర్, విచ్చలవిడి స్టెరాయిడ్. ఇప్పుడు తామరకు ఎరువు వేస్తున్నవీ ఆ రెండే.

కాబట్టి ఏం చేయాలి?

1. ముందు అది తామరేనా తేల్చుకోండి. సోరియాసిస్, గజ్జి, ఎగ్జిమా కూడా అలాగే కనిపించవచ్చు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు, వెంటనే చూపించుకోవాలి. అనుమానం వస్తే డాక్టరు కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఫంగస్ ఉంటే పోగుల్లా కనిపిస్తుంది. చిన్న పరీక్ష, పెద్ద ఖర్చు లేదు.

2. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో వాడుతున్న గోలీల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి. పేర్లు నోటికి రావాల్సిన పని లేదు, షీట్లు ముందు పెడితే చాలు. ఇంతకుముందు రాసిన ట్యూబు కూడా తీసుకుపోండి.

3. కామెర్లు వచ్చాయా, గుండె జబ్బుందా, కిడ్నీ సమస్య ఉందా, కడుపుతో ఉన్నారా, తాగుతారా: అడగకపోయినా ఈ ఐదు మాటలు మీరే చెప్పండి.

4. మూడు ప్రశ్నలు అడగండి: తిన్నాక వేసుకోవాలా, ముందా? ఎన్నాళ్లు? రక్త పరీక్ష కావాలా? నెలకు మించి వాడాలన్నా, ముందే కాలేయం జబ్బున్నా కాలేయం పరీక్ష చేయించి, మధ్యలో మళ్లీ చూస్తారు.

5. కోర్సు పూర్తి చేయండి. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. మీ చీటీతో బావమరిదికి గోలీలు తేవద్దు. ఆయన ఒళ్లు వేరు, ఆయన డబ్బాలో గోలీలు వేరు.

6. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందీ ఒకేసారి వైద్యం చేయించుకోండి. ఒకరికి తగ్గేలోపు ఇంకొకరు అంటిస్తుంటే ఏ గోలీ ఏం చేస్తుంది? తువ్వాలు, లుంగీ, దుప్పటి ఎవరిది వాళ్లదే. బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. తడిసిన బనీను, జీన్స్ ప్యాంటు ఒంటి మీద ఆరనివ్వకండి. ఇంకోటి, మొలతాడు! చెమట, సబ్బు, మురికి పట్టి ఎప్పుడూ తడిగా ఉండే ఆ దారం ఫంగస్‌కు మంచి గూడు. నడుము చుట్టూ తామర ఉంటే అది తీసేయండి. తగ్గాక కొత్తది కట్టుకుందురు, దేవుడేం అనుకోడు.

వెంటనే గోలీ ఆపి ఆసుపత్రికి పోవాల్సిన గుర్తులు

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, ఆకలి చచ్చిపోవడం, ఆగని వాంతులు, కడుపు కుడివైపు పైన నొప్పి: ఇవి కాలేయం పెట్టే కేకలు.
కొత్తగా ఆయాసం, పాదాల వాపు, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం: ఇవి గుండెవి.
ఒంటి నిండా దద్దుర్లు, నోట్లో పుండ్లు, పెదాలు ముఖం వాయడం, చర్మం పొక్కి ఊడటం: ఇవి మందు పడలేదని.
షుగర్ ఉన్నవాళ్లకు చెమట, వణుకు వస్తే ముందు చక్కెర గానీ బెల్లం గానీ నోట్లో వేయండి, తర్వాత ఆసుపత్రికి పోండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మా కోర్కెలు

మందుల దుకాణం అన్నలకు: మీరు మావాళ్లే, పొద్దున లేస్తే ముఖాలు చూసుకునేవాళ్లం. చీటీ లేకుండా ఫంగస్ గోలీలు, స్టెరాయిడ్ ట్యూబులు అమ్మొద్దు. షీటు కత్తిరిస్తే పేరు, గడువు తేదీ కనబడేలా ఇవ్వండి. బిల్లు ఇవ్వండి. ఒక్క ప్రశ్న అడగండి చాలు: "వేరే గోలీలేమన్న వాడుతున్నవా?"

ఆర్‌ఎంపీలకు: రాత్రి పన్నెండింటికి తలుపు తీసేది మీరే, కాదనం. కానీ ఇది మీ చేతిలో పని కాదు. దురదని వచ్చినవాణ్ణి సూది వేయకుండా, గోలీ ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపండి. మీ మాట వింటారు.

ప్రభుత్వానికి: వనస్థలిపురం ఏరియా ఆసుపత్రిలో, మన చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చర్మ వైద్యులు వారంలో ఏ రోజు చూస్తారో గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. పొట్టు గీకి చూసే పరీక్ష దగ్గర్లోనే జరగాలి. ఫంగస్ గోలీలు కోర్సుకు సరిపడా ఇవ్వాలి, నాలుగు రోజులవి ఇచ్చి పంపకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు చీటీ లేని అమ్మకాల మీద తనిఖీలు ఆపకూడదు.

మనకు: పైసలు లేవని దుకాణానికి పోతున్నామా? బస్తీ దవాఖానా ఉచితం. అక్కడ తీసిన రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా పరీక్షిస్తారు. చర్మ వైద్యం ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఉంది. ఒక పూట కూలి పోతుందని వెనకాడి ఆరు నెలలు ట్యూబులు కొన్న లెక్క వేసుకోండి. ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది.

ఈ నంబర్లు రాసి పెట్టుకోండి

అంబులెన్స్: 108. ఆరోగ్య సలహా: 104.
చీటీ లేకుండా మందులు అమ్మడం, నకిలీ మందుల మీద ఫిర్యాదు, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ: 1800-599-6969.
ఏ మందైనా పడక ఇబ్బంది వస్తే తెలియజేయడానికి, దేశవ్యాప్త ఉచిత నంబరు: 1800-180-3024.

అన్నలారా, అక్కలారా! హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు మనది. హయాత్ అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని కాగితం కవర్లో పేరు తెగిన గోలీకి అప్పజెప్పొద్దు. ఈ రాత్రి ఇంటికి పోయాక మూడు పనులు చేయండి. అలమరలో మిగిలిపోయిన దురద గోలీలు, ట్యూబులు తీసి పక్కన పెట్టండి. అమ్మానాన్నలు రోజూ వేసుకునే గోలీల పేర్లు ఒక కాగితం మీద రాసి ఆ డబ్బా మూతకే అంటించండి. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా గోక్కుంటున్న మనిషి ఇంట్లో ఉంటే, రేపు పొద్దున వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

చీటీ ఉంటేనే గోలీ! తిన్నాకా తినకముందా అడిగాకే గోలీ! మొదలుపెడితే చివరిదాకా గోలీ!

చదివాక పారేయకండి. పక్కింటికి ఇవ్వండి.

ఇట్లు,
మీ వాడకట్టు వాళ్లం,
హయత్‌నగర్, రంగారెడ్డి జిల్లా